మావయ్య ఖాతా పుస్తకం, నా కౌచ్‌డీబీ

డాక్యుమెంట్ డేటాబేసుకి రెప్లికేషన్ ఎలా పెట్టాలని ఎవరైనా అడిగితే, "ఏముందండీ, ఇక్కణ్ణుంచి అక్కడికి పంపమని చెప్పడమేగా" అనేవాణ్ణి. గిలకలదిండిలో మావయ్య చేత చీవాట్లు తిన్నాక ఆ మాట అనడం మానేశాను.

మావయ్య హార్బరు దగ్గర బోట్లకి ఐసు, తాళ్ళు, వలలు అరువిస్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజుల ఖాళీలో కూర్చుని ఖాతా అంతా కంప్యూటరెక్కించాను. కొట్లో ఒక లాప్‌టాపు, బందర్లో ఇంటి దగ్గర ఇంకోటి. కొట్లో నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఇలాంటి చోటుకి కౌచ్‌డీబీయే సరైందని ఇప్పటికీ అంటాను. నెట్ లేకున్నా రాసుకోవచ్చు, వచ్చాక రెండూ కలుస్తాయి.

కలిశాయి కూడా. నేను చేసిన తెలివితక్కువ పనేంటంటే బోటుకో డాక్యుమెంటు పెట్టి, అందులో "బాకీ" అని ఒకే అంకె ఉంచడం. నెట్ లేని ఓ పూట కొట్లో మావయ్య 5000 జమ రాశాడు, ఇంట్లో అత్తయ్య అదే బోటుకి 3000 జమ రాసింది. కలిశాక చూస్తే 3000 లేవు. కట్టినవాడి దగ్గరకే మళ్ళీ వసూలుకి వెళ్ళాడు మావయ్య. ఊళ్ళో ఆయన మాటేం కావాలి చెప్పండి!

నిజానికి ఆ 3000 ఎక్కడికీ పోలేదు. కౌచ్‌డీబీ రెండు రూపాలూ దాచుకుంటుంది, చూపించేది మాత్రం ఒకటే. ఎక్కువసార్లు మారినది గెలుస్తుంది. అక్కడా సమానమైతే రివిజన్ గుర్తుల్లో వరుసలో పెద్దది. గడియారంతో పనిలేదు, న్యాయంతో అసలే లేదు. ఓడినదాన్ని మనమే అడిగి తెప్పించుకోవాలి. నేను అడగలేదు.

మావయ్య పాత పుస్తకం తీసి నా ముందు పడేశాడు. "ఏరా, దీంట్లో ఎక్కడైనా కొట్టేసి తిరగరాశానా? కొత్త వరస రాయడమేగా!" అంతే. ఇప్పుడు ప్రతి జమా, ప్రతి అరువూ విడి డాక్యుమెంటు. బాకీని వ్యూ కూడి చెప్తుంది. నన్నడిగితే, గొడవలు తీర్చే కోడ్ రాసేముందు గొడవే రాకుండా డాక్యుమెంటు ఆకారం మార్చండి.

ఇంకోటి. రెప్లికేషన్ అంటే బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపితే ఆ చెరపడం కూడా బుద్ధిగా అవతలికి వెళ్తుంది. పైగా గిలకలదిండిలో ఒకటి, నాలుగడుగుల దూరంలో బందర్లో ఒకటి పెట్టి రెండు కాపీలున్నాయనుకోవడం! 1864లో బందరుని ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమని తుడిచేసిన ఉప్పెన విని పెరిగినవాళ్ళం మనం. మూడోది హైదరాబాదులో పెట్టాను, దాని బ్యాకప్పు వేరే.

వెతుకులాట సూచీని మాత్రం ఎక్కడికీ మొయ్యక్కర్లేదు. పోతే డాక్యుమెంట్ల నుంచి మళ్ళీ కట్టుకోవచ్చు. 2024లో వచ్చిన 3.4తో లూసీన్ మీద నడిచే నూవో చేరింది కాబట్టి బిగించడం కూడా పెద్ద పనేం కాదు. కష్టమంతా తెలుగుతోనే. "బందరు" అని కొడితే "బందర్లో" రాదు. పోనీ మొదటి అక్షరాలతో వెతుకుదామంటే "వల"కి "వలస" కూడా వచ్చి కూర్చుంటుంది. "బోట్‌కి" అన్నదాంట్లో కంటికి కనపడని అక్షరమొకటి, ఒక ఫోను వేస్తుంది, ఇంకోటి వెయ్యదు. దాన్ని సూచీకి ఇచ్చేముందే తీసెయ్యాలి. లూసీన్ 9లో తెలుగు ఎనలైజరు ఉంది, చివరి ప్రత్యయాలు కొన్ని కత్తిరిస్తుంది. అది పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. కొట్లో నిజంగా వాడే మాటలు పట్టుకుని సమానపదాల జాబితా రాసుకోవాల్సిందే. నాది అరపేజీ అయ్యింది, సగం చెప్పింది అత్తయ్యే.

నిన్న మావయ్య ఫోను. "తాడు అంటే తాళ్ళు రావట్లేదురా." ఈ ఆదివారం ఇంకో వరస చేర్చాలి.