వెనక చక్రాల బలం: పుట్టపర్తి ప్రణాళిక

మేము ఈ ప్రణాళికను పుట్టపర్తి నుంచి ప్రకటిస్తున్నాం. 2022 ఏప్రిల్ 4న ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమైంది. ఇదే జిల్లాలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల కియా కర్మాగారం ఉంది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి తొలి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 2023 జూలై నాటికి 10 లక్షల కార్లు ఆ గేటు దాటాయి. బోరు ఎండి, వేరుశనగ ఎండి, బెంగళూరు బస్సెక్కిన కుటుంబాల పిల్లలు ఆ కార్లకు బోల్టులు బిగించారు.

ఆ 10 లక్షల్లో వెనక చక్రాలతో కదిలే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఒక్కటీ లేదు. మామూలు జీతగాడికి అందే ధరలో అలాంటి కొత్త కారు దేశంలో ఎక్కడా దొరకదు. ఆ లోటు తీర్చడానికే మేము ఒక్కటయ్యాం. తేలికైన, చిన్నదైన, వెనక చక్రాల డ్రైవు ఉన్న కూపే ఇక్కడి చేతులతో తయారు కావాలి, ఇక్కడి జీతానికి అందాలి, దాన్ని తోలే విద్య ఇక్కడే నేర్పాలి. ఇది చదువుతున్న మీరూ మాతో కలుస్తారనే నమ్మకంతో మా విశ్వాసాలను మీ ముందు పెడుతున్నాం.

1. బండి తోలడం ఒక విద్య. చేరాల్సిన చోటికి చేరడానికి ఏ బండైనా చాలు. విద్యగా నేర్చుకోవాలంటే మాత్రం వెనక చక్రాల బండే కావాలి. ముందు చక్రాల డ్రైవు కారులో బండిని లాగేవీ ఆ రెండు టైర్లే, తిప్పేవీ అవే. వెనక చక్రాల డ్రైవులో పని విడిపోతుంది. మలుపు ముందు టైర్లు చూసుకుంటాయి, తోపు వెనక టైర్లు చూసుకుంటాయి. యాక్సిలరేటరు తొక్కగానే బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి, బలం అందుతున్న టైర్లే రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. స్టీరింగులో ఇంజను గుంజుడు ఉండదు, రోడ్డు తీరు తేటగా చేతికి తెలుస్తుంది. మలుపు మధ్యలో పాదం కొంచెం ఎక్కువ ఒత్తితే బండి వెనక భాగం పక్కకు జారుతుంది. అప్పుడు బ్రేకు మీదికి ఉరకకుండా, జారిన వైపుకే స్టీరింగు తిప్పి, పాదం మెల్లగా సడలించాలి. కన్ను, చెయ్యి, పాదం ఒక్క క్షణంలో ఒకే మాట మీద నిలవాలి. దీనికి పెద్ద వేగం అక్కర్లేదు. తడిసిన ఎర్రమట్టి మీద గంటకు 40 కిలోమీటర్ల దగ్గరే ఈ పాఠం మొదలవుతుంది.

2. వెనక చక్రాల బండి ఈ నేలకు పరాయిది కాదు. బెంగళూరు నుంచి పుట్టపర్తిలోని ప్రశాంతి నిలయం ఆశ్రమానికి తరాల పాటు భక్తులను చేర్చిన అంబాసిడర్ వెనక చక్రాలదే. కదిరి, గోరంట్ల దారుల్లో ఫుట్‌బోర్డు దాకా జనాన్ని ఎక్కించుకున్న కమాండర్ జీపూ అంతే. ట్రాక్టరు, లారీ, టాటా ఏస్, ఆటో అన్నీ వెనక నుంచి తోసేవే. బరువు మోసే పనిలో మన దగ్గర వెనక చక్రాలకు కొదవ లేదు. సంతోషం కోసం తోలే కారులో మాత్రం అవి డబ్బున్నవాళ్ల వాటాకే పోయాయి. శ్రమకు దక్కినది ఆనందానికీ దక్కాలని మేము అడుగుతున్నాం.

ఏ మెకానిక్ షెడ్డుకైనా వెళ్లి చూడండి. జీపును గేర్లో ఉంచి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలనూ జాకీల మీద లేపుతారు. ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది దానంతటదే వెనక్కి తిరుగుతుంది. వెనక ఇరుసు మధ్యలోని హౌసింగు లోపలున్న చిన్న పళ్ల చక్రాలు చేసే పని అది. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగడానికి వీలిచ్చేది అదే. పదో తరగతి దాటని మేస్త్రీ ఆ హౌసింగు కూత విని, క్రౌను అరిగిందో బేరింగు పోయిందో చెప్పేస్తాడు. అనంతపురంలో 1948 నుంచి నడుస్తున్న ఇంజనీరింగు కళాశాల ఇప్పుడు జేఎన్‌టీయూలో భాగం. ఆ తరగతి గదికీ ఈ షెడ్డుకీ మధ్య దారి వేయడాన్ని మా మొదటి పనిగా పెట్టుకున్నాం. మేస్త్రీ అక్కడికి వెళ్లి పాఠం చెప్పాలి, విద్యార్థి ఇక్కడికొచ్చి చేతికి గ్రీజు పూసుకోవాలి.

3. చౌకైన స్పోర్ట్స్ కారుకు కావలసినవి ఇప్పటికే మన చుట్టూ తయారవుతున్నాయి. ఇది ఆశ కాదు, లెక్క. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా కంపెనీ ఎంఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల కారును చూపించింది. 1.6 లీటర్ ఇంజను, సుమారు 116 హార్స్‌పవర్, వెనక చక్రాల డ్రైవు, టన్ను లోపు బరువు. పొడవు 4 మీటర్ల లోపే. 2016 నాటికి అలాంటివి 10 లక్షలు తయారయ్యాయి. ప్రపంచమంతా మామూలు జీతగాళ్లు స్పోర్ట్స్ కారు కొనుక్కున్నారంటే అందులో ఆ బండి చలవ చాలా ఉంది. మన పెనుకొండలో తయారవుతున్న కియా సోనెట్‌లో 1 లీటర్ టర్బో ఇంజను ఉంది. దాని బలం 120 పీఎస్. ఆ తొలి మాజ్డాకు ఉన్నంత బలం రోజూ మన ఊరి పక్కనుంచే లారీలెక్కి పోతోంది.

ఆ బలం వెనక చక్రాలకు చేరాలంటే ఇంజను అడ్డంగా కాకుండా బండి పొడవున నిలువుగా కూర్చోవాలి. దాని వెనక గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, హౌసింగు ఉండాలి. అవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. మారుతి ఈకో 1.2 లీటర్ ఇంజనుతో, వెనక చక్రాల డ్రైవుతో, దేశంలోని చౌక బండ్లలో ఒకటిగా ఈ రోజుకీ అమ్ముడవుతోంది. కూరగాయలు మోసే బండికి అంత తక్కువ ధరలో దొరికే అమరిక స్పోర్ట్స్ కారుకు ఎందుకు దొరకదు? పన్ను కూడా దారికి అడ్డం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లు మించని, 1200 సీసీ దాటని పెట్రోలు కారుకు జీఎస్టీ 18 శాతమే. పెద్ద కార్లకు 40 శాతం. మేము కోరే బండి ఆ చిన్న కొలతలోనే ఇముడుతుంది. కియా సోదర సంస్థ హ్యుందాయ్ 2008 నుంచి 2016 దాకా జెనెసిస్ కూపే పేరుతో వెనక చక్రాల స్పోర్ట్స్ కారు చేసి అమెరికాలో అమ్మింది. ఆ చేతి పని ఆ కుటుంబంలోనే ఉంది. దాన్ని పెనుకొండకు రప్పించడానికి కొనేవాళ్లం ఉన్నామని చూపించాలి. అందుకే ఈ ఉద్యమం మొదట కొనుగోలుదారుల సంఘం, ఆ తర్వాతే ఇంకేదైనా.

4. చిన్న తయారీదారుకు చట్టంలో చోటు కావాలి. 2018లో కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. యూరప్, జపాన్ ప్రమాణాలు అందుకున్న కార్లను ఒక్కో కంపెనీ ఏడాదికి 2,500 దాకా ఇక్కడ మళ్లీ పరీక్ష లేకుండానే దిగుమతి చేసుకోవచ్చు. ఊళ్లో పదిమంది కలిసి ఏడాదికి వంద కార్లు చేద్దామంటే మాత్రం పెద్ద కంపెనీలు ఎక్కే మెట్లన్నీ వాళ్లూ ఎక్కాలి. బ్రిటన్‌లో చేత్తో కట్టిన కారును ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. అలాంటి పద్ధతి ఇక్కడా రావాలి. బ్రేకులు, లైట్లు, పొగ, ఢీకొంటే తట్టుకునే గట్టితనం విషయంలో ఒక్క మినహాయింపూ మేము కోరం. పరీక్ష ఫీజు చిన్నవాడి స్తోమతను బట్టి ఉండాలన్నదే మా మాట.

5. రోడ్డు పందేనికి కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగం చూపించాలనుకునేవాడికి మాలో చోటు లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను పందేలను శిక్షించడం సరైనదే. ఆ దారి పక్కన మేకలు తోలుకెళ్లే అవ్వ ప్రాణం మా ఆనందం కన్నా విలువైనది. అందుకే మాకు మూసిన స్థలం కావాలి. దక్షిణాదికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు కార్ల పోటీలు జరిగాయి. ఆ అలవాటు నుంచే 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చింది. పుట్టపర్తిలో 1990 నవంబరులో ప్రారంభమైన విమానాశ్రయం ఉంది, రన్‌వే 2 కిలోమీటర్లకు పైనే. విమానాలు రాని రోజుల్లో, యాజమాన్యం, అధికారుల అనుమతితో, ఆ ఆవరణలో కోన్లు పెట్టి స్కిడ్ పాఠాలు నేర్పనివ్వాలని వినయంగా అడుగుతున్నాం. కుదరదంటే, పంట పండని బీడు జిల్లాలో ఎంతైనా ఉంది. ఎర్రమట్టి మీద ఆటోక్రాస్ జరపడానికి తారు కూడా అక్కర్లేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. చూసినవాళ్లం మురిసిపోయాం. మరుసటి ఏడాది పోటీ రద్దయింది, కట్టిన బారికేడ్లు పోయాయి. గ్యాలరీ టికెట్టుతో సంస్కృతి నిలవదు. ప్రతి ఆదివారం తోలేవాళ్లుంటేనే నిలుస్తుంది.

6. విద్యుత్తు మాకు శత్రువు కాదు. పెట్రోలు ఇంజను వాసన మాకెంత ఇష్టమైనా ఈ మాట నిండు మనసుతో చెబుతున్నాం. మోటారును వెనక ఇరుసు దగ్గరే పెట్టొచ్చు కాబట్టి విద్యుత్ కార్లతో వెనక చక్రాల డ్రైవు మళ్లీ వస్తోంది. 2024 నవంబరులో మహీంద్రా చూపించిన బీఈ 6 కూపే ఆకారంలో, వెనక మోటారుతో, 18.90 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో మొదలైంది. బరువు ఎక్కువే, ధరా ఎక్కువే. దారి మాత్రం సరైనదే. విద్యుత్ కారుకు జీఎస్టీ 5 శాతం. ఎండ తప్ప ఏదీ ధారాళంగా దొరకని ఈ మెట్టలో సౌర విద్యుత్తుతో నడిచే తేలికపాటి కూపేను ఊహించడం మాకు కష్టం కాదు.

7. కొత్త బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. ఇప్పుడు నేర్చుకోవాలంటే పాత అంబాసిడర్, కాంటెసా, ప్రీమియర్ పద్మిని, లేదంటే సెకండ్ హ్యాండ్ ఈకో చాలు. నలుగురు కలిసి ఒక బండి కొనండి. ఆర్సీ సరిగ్గా ఉందా, 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించారా చూడండి. గేరు వేసి క్లచ్చు వదిలేటప్పుడు కింద టక్కుమని మోగితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు అరిగినట్టు. అది చిన్న ఖర్చే. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక కూత, వదిలినప్పుడు ఇంకో కూత వస్తే క్రౌను దగ్గర తేడా ఉంది, ధర తగ్గించి అడగండి. చౌకగా వస్తోందని పాత జర్మన్ కారు కొనొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాం. కొన్న ధర కన్నా స్పేర్ల ధర భయపెడుతుంది. ఇంజను, ఛాసిస్ మార్చే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చదవండి. అనుమతి లేని మార్పుతో రోడ్డెక్కితే ఉద్యమానికే చెడ్డపేరు.

8. రేపటి పుట్టపర్తిని మేము ఇలా చూస్తున్నాం. పెనుకొండ కొండ నీడలో 2 కిలోమీటర్ల చిన్న ట్రాకు. పక్కనే షెడ్డు, వర్క్‌షాపు, ఒక తరగతి గది. ఆదివారం తెల్లవారుజామున ఎండ ముదరకముందే బండ్లు వరుస కడతాయి. గోరంట్ల నుంచి వచ్చిన పాలిటెక్నిక్ అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని తొలిసారి వెనక భాగాన్ని కావాలనే జారించి, తానే సర్దుకుంటుంది. వారమంతా కర్మాగారంలో తలుపులు బిగించిన కుర్రాడు తాను చేసిన బండినే ఇక్కడ తోలతాడు. ఆంబులెన్సు డ్రైవర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, స్కూలు బస్సు డ్రైవర్లు స్కిడ్ పాఠానికి ఫీజు లేకుండా వస్తారు. తొలకరి వానకు జారే దారిలో తోలడం నేర్చిన ఆ చేతులు ఎన్నో ప్రాణాలను నిలబెడతాయి. ఆ ట్రాకు మీద తిరిగే బండి పేరు తెలుగులో ఉంటుంది, దాని మీద తయారైన చోటు శ్రీ సత్యసాయి జిల్లా అని రాసి ఉంటుంది, దాని ధర కర్మాగారం కార్మికుడి ఈఎంఐకి అందుతుంది.

ఇది ఈ నేలకు మించిన పని అనేవాళ్లకు మేము 1995-96ను గుర్తు చేస్తాం. చుక్క నీరు దొరకదనుకున్న అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామాలకు తాగునీరు ఇచ్చే పథకం అప్పుడు పుట్టపర్తి నుంచే, సత్యసాయి ట్రస్టు చేతుల మీదుగా మొదలైంది. నీటికీ కారుకీ పోలిక పెట్టడం లేదు. నీరు ప్రాణం. ఇక్కడ సంకల్పిస్తే పెద్ద పని జరుగుతుందన్నదే మేము చెప్పేది.

మీరు మేస్త్రీ అయితే మీ షెడ్డు తలుపు మాకు తెరవండి. ఇంజనీరు అయితే ఆ నిలువు ఇంజను అమరిక గీసి ఇవ్వండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఇలాంటి కారు తోలుతున్న తెలుగువారైతే సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం మా పిల్లలకు నేర్పండి. బీడు భూమి ఉన్న రైతయితే ఏడాదికి కొన్ని రోజులు కౌలుకు ఇవ్వండి, పోటీకి ముందే డబ్బు కడతాం. ఇవేవీ కాకుండా తోలాలన్న కోరిక ఒక్కటే ఉన్నవారైతే లైసెన్సు, హెల్మెట్ పట్టుకుని రండి. బండి మేము చూసుకుంటాం.