సభకు పంపండి మహాప్రభో!

జీతం పెంచమని యజమానిని అడగడం ఒక ఎత్తు. ఫలానా ఊళ్లో మా వృత్తివాళ్ల సభ జరుగుతోంది, ఖర్చులిచ్చి నన్ను పంపండి అని అడగడం మరొక ఎత్తు. జీతం సంగతిలో ‘ధరలు మండిపోతున్నాయి’ అనడానికైనా వీలుంటుంది. సభ మాట ఎత్తగానే అవతలివారి కళ్లముందు మెదిలేది రైలు ప్రయాణం, హోటలు గది, ఆ ఊళ్లో చూడదగిన ప్రదేశాలు, చివర బిల్లు. మీరు ఉపన్యాసాలు వినడానికి వెళుతున్నారని ఆయనకు తోచదు. ఇందులో తప్పంతా ఆయనదేనని కూడా అనలేం. సభలకని వెళ్లి గుడులూ గోపురాలూ చూసుకుని, సంచీ ఒకటి, బాడ్జీ ఒకటి తెచ్చుకుని, ఏం విన్నారయ్యా అంటే ‘భోజనాలు బ్రహ్మాండం’ అని చెప్పేవాళ్లు మనలో లేకపోలేదు.

నేను కొన్నేళ్లు ఒక ప్రైవేటు కళాశాల పాలకవర్గంలో కూర్చున్నాను. అంచేత ఇలాంటి దరఖాస్తులను బల్లకు అవతలి వైపునుంచి చూడడం తటస్థించింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి: ‘నా వృత్తి పరిజ్ఞానమును పెంపొందించుకొనుటకు తోడ్పడును గాన దయతో అనుమతించ ప్రార్థన.’ పెంపొందేది ఎవరి పరిజ్ఞానం? దరఖాస్తుదారుడిది. డబ్బెవరిది? కళాశాలది. ఈ రెంటికీ లంకె ఎక్కడా కనపడదు. కరస్పాండెంటుగారు దానిమీద ‘చూద్దాం’ అని రాసేవారు. ఆఫీసు భాషలో ‘చూద్దాం’ అంటే ‘చూడం’ అని అర్థం.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. వేరొక కళాశాలలో లైబ్రేరియను. కిందటేడు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“బాబాయిగారూ, లైబ్రేరియన్ల కాన్ఫరెన్సు మూడు రోజులు జరుగుతుందిట. ఆరేళ్లుగా అడుగుతున్నాను. బీరువాల తాళాలు తీసి వేసే పనికి సభలెందుకమ్మా అంటున్నారు. ఒకసారి మాత్రం కాలేజీకి ఆహ్వానం వస్తే ప్రిన్సిపాలుగారు వెళ్లి వచ్చారు. ఆయన లెక్కల మేష్టారు!” అంది.

నాకు నవ్వొచ్చిన మాట నిజం. కాని ఆ అమ్మాయి నవ్వలేదు. అసలు బాధ డబ్బు కాదు. తను చేసేది ఒక విద్య అని ఒప్పుకుంటారా, లేక తాళాల కాపలా అంటారా? అదీ ఆమె ప్రశ్న.

“లెక్కల మేష్టార్లను తీసిపారెయ్యకమ్మా” అన్నాను. “మీ శాస్త్రానికి పెద్ద దిక్కు లెక్కల మేష్టారే గదా!”

ఎస్.ఆర్. రంగనాథన్‌గారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియను అయ్యారు. కొత్తలో ఆ పని ఆయనకు రుచించక, మళ్లీ పాఠాలకే పోతానన్నారట. విశ్వవిద్యాలయం వారు ఆ ఏడే ఆయన్ను లండను పంపారు. అక్కడ చదివి, ఎన్నో గ్రంథాలయాలు తిరిగి చూసి 1925లో వచ్చారు. ఆ తరవాత 1931లో గ్రంథాలయ శాస్త్రానికి పంచ సూత్రాలు, 1933లో కోలన్ వర్గీకరణ వెలువడ్డాయి. ఆయన లండను వెళ్లేనాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం లేదు. అది 1926లో వచ్చింది. కోస్తా కాలేజీలకు కూడా మద్రాసే దిక్కు. ఆ ప్రయాణపు ఖర్చు ఏ గుమాస్తా ఏ పద్దులో రాసుకున్నాడోగాని, అంతకంటే లాభసాటి ఖర్చు ఆ లెక్కల పుస్తకంలో ఉంటుందనుకోను.

ఇక సభలంటే దండగ అనేవారు 1914లో బెజవాడలో జరిగిన సభను తలుచుకోవాలి. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయాలవాళ్లు ఒకచోట చేరబట్టే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1933లో కలకత్తాలో ఇలాగే చేరితే అఖిల భారత స్థాయి సంఘం ఏర్పడింది. చేరకపోతే ఎవరి బీరువా వారిదే.

“ఇదంతా దరఖాస్తులో రాసెయ్యనా?” అంది ఉత్సాహంగా.

“వద్దు. ఇది నీ ధైర్యం కోసం. కరస్పాండెంటుగారికి కావలసింది చరిత్ర కాదు, పద్దు” అన్నాను.

ఇద్దరం కూర్చుని సభ కార్యక్రమం ముందేసుకున్నాం. ఆమె కాలేజీ లైబ్రరీ సాఫ్టువేరుకు ఏటా ఒక కంపెనీకి డబ్బు కడుతోంది. సభలో రెండో రోజున ‘కోహా’ మీద శిక్షణ ఉంది. అది 1999లో న్యూజిలాండులో మొదలైన సాఫ్టువేరు. ఆ పేరుకు అక్కడి మావోరీ భాషలో కానుక అని అర్థం. పేరుకు తగ్గట్టే ఉచితం. అయితే నడపడం తెలిసిన మనిషి కావాలి, ఆ శ్రమ ఉచితం కాదు. ఈ మాట కూడా దాచకుండా రాయమన్నాను. లాభం చెప్పి, కష్టం దాచిన కాగితాన్ని తెలివైన యజమాని నమ్మడు.

దరఖాస్తు ఒక్క పేజీకి కుదిరింది. కాలేజీకి ఉన్న ఇబ్బంది మొదట. దానికి సంబంధించిన శిక్షణ తరవాత. ఖర్చు విడివిడిగా: సభ్యత్వం ఉన్నవాళ్లకు తగ్గే రిజిస్ట్రేషను రుసుము, గడువులోగా కడితే మిగిలేది, స్లీపరు టిక్కెట్టు, బస. తను లేని మూడు రోజులూ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేదెవరో, వారి పేరు. తిరిగి వచ్చాక పది రోజుల్లో ఏమేం చేసి చూపిస్తుందో, తేదీలతో సహా. చివర ఒక వెసులుబాటు: మొత్తం ఇవ్వడం కుదరకపోతే రిజిస్ట్రేషను, డ్యూటీ లీవు ఇచ్చినా చాలునని. ‘ఫలానావారిని పంపారు, నన్ను పంపలేదు’ అనే వాక్యాన్ని మాత్రం నేనే కొట్టేశాను. అది నిజమే, కాని నిజాలన్నిటికీ ఒకే కాగితంలో చోటుండదు.

కాగితం ఇచ్చే వేళ కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలలో వచ్చే ఏటి పద్దులు వేస్తారు. ఆ లోపల చెవిని వేస్తే చోటు దొరుకుతుంది. సభకు వారం ముందు పరుగెత్తితే దొరికేది ‘చూద్దాం’ ఒక్కటే.

కరస్పాండెంటుగారు కాగితం రెండుసార్లు చదివారట. రిజిస్ట్రేషను, సెలవు, సగం ఛార్జీలు ఇచ్చారు. సగమేనా అని ఆమె మొహం ముడుచుకుంది. ఆరేళ్ల ‘లేదు’ కంటే సగం పెద్దదే గదా!

వెళ్లింది, వచ్చింది. బిల్లులతోపాటు రెండు పేజీల నివేదిక ఇచ్చింది. కంప్యూటరు మేష్టారి సాయంతో ఒక పాత మిషను మీద కోహా ఎక్కించి, తెలుగు పుస్తకాల బీరువా ఒకటి అందులోకి ఎక్కించి చూపించింది. లైబ్రరీ అటెండరుకు కూడా నేర్పింది. ఈసారి సభ ఎక్కడమ్మా అని కరస్పాండెంటుగారే అడిగారని మొన్న వచ్చి చెప్పింది.

ఈ పేజీ చదివేవారిలో యజమానులు కూడా ఉంటారు. ఖర్చుపెట్టి నేర్పిస్తే మరో చోటికి ఎగిరిపోతారేమోనని వారి భయం. నిజమే, కొందరు పోతారు. ఏమీ నేర్చుకోనివాళ్లు ఎక్కడికీ పోరు. బీరువాలు కూడా పోవు.