మొదటి స్పోర్ట్స్ బండి 155 సీసీయా, 310 సీసీయా? మా అభిప్రాయం ఇదీ



సంక్రాంతికి ఊళ్లకి వెళ్లొచ్చాం. ఈసారి ఎవరింటి అరుగు మీద కూర్చున్నా తమ్ముళ్ల దగ్గర నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ఆర్15 తీసుకోమంటావా, అపాచీ ఆర్ఆర్ 310 తీసుకోమంటావా?" కాఫీ డబ్బులు చేతికొచ్చే రోజులు. ఒకడికి సచివాలయంలో ఉద్యోగం వచ్చింది, ఇంకొకడు ఫార్మా కంపెనీలో చేరి ఏడాదైంది. అడగడంలో తప్పేం లేదు. స్పోర్ట్స్ బండే వద్దు అని చెప్పే పెద్దమనుషులం మేమూ కాదు. మా నలుగురిలో ముగ్గురం ఇలాంటి బండ్లే నడిపాం. అందుకే మా మాట ముందే చెప్పేస్తున్నాం: మొదటి బండి అయితే చిన్నదే తీసుకోండి. ఎందుకో వివరంగా చెప్తాం, ఓపిగ్గా చదవండి.

ముందు కాగితం మీద లెక్క. ఆర్15 వి4 ఇంజను 155 సీసీ, పవర్ 18.4 పీఎస్, బరువు దాదాపు 141 కేజీలు. ఆర్ఆర్ 310 ఇంజను 312 సీసీ, 2024 మోడల్ నుంచి పవర్ 38 పీఎస్, బరువు 174 కేజీలు. అంటే పవర్ రెట్టింపు పైన, బరువు 33 కేజీలు ఎక్కువ. ఒక 25 కేజీల బియ్యం బస్తా ఎప్పుడూ బండి మీదే ఉన్నట్టు. సీటు ఎత్తు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే, 815, 810 మిల్లీమీటర్లు. ఒక చెల్లి కూడా ఇదే అడిగింది, కాళ్లు అందుతాయా అని. ఎత్తులో తేడా లేదు గానీ, వాలులో ఆపినప్పుడు కంకర మీద కాలు జారితే 141 కేజీల బండిని ఆపుకోగలవు. 174 కేజీలది నిన్ను కూడా పట్టుకుని పడుతుంది.

ఇక మన రోడ్డు సంగతి. పాడేరు ఘాట్‌లో మలుపు దగ్గర ఎంత స్పీడులో పోతాం? 30, మహా అయితే 40. ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చిందంటే అదీ లేదు. ఆ స్పీడుకి 18 పీఎస్ చాలు. వెనక ఒక మనిషిని ఎక్కించుకుని ఎక్కేటప్పుడు చిన్న బండి కొంచెం ఆయాసపడుతుంది, అది నిజమే. గేరు దింపి, ఇంజను మోగించి లాగాలి. కానీ గేరు ఎప్పుడు దించాలి, మలుపుకి ముందే స్పీడు ఎలా తగ్గించుకోవాలి అన్నది మేం నేర్చుకున్నది అలాగే. పెద్ద బండికి ఆ అవసరం ఉండదు. యాక్సిలరేటర్ తిప్పితే చాలు, పోతుంది. కొత్తోడికి ప్రమాదం అక్కడే. గుంతలో చెయ్యి ఒక్కసారి ఎక్కువ తిరిగిందంటే చిన్న బండి ఒక కుదుపు కుదుపుతుంది, పెద్ద బండి మలుపు దాటించేస్తుంది.

మాలో ఒకడు చిన్న బండి ముట్టుకోకుండా నేరుగా పెద్ద బండే కొన్నాడు. కొన్న నాలుగో నెల, చలికాలం, తెల్లారి మంచులో ఘాట్ దిగుతున్నాడు. మలుపులో తడి ఆకులు. ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు, బండి పక్కకి పోయింది. బండి తప్పు ఏమీ లేదు, వాడికి అలవాటు లేదు అంతే. హెల్మెట్ ఉంది కాబట్టి ఈ రోజు మాతో కూర్చుని ఈ పోస్టు రాయిస్తున్నాడు. కానీ చీలమండ విరిగింది. ఆరు వారాలకి కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టు. 1600 మీటర్లు పరిగెత్తాల్సినోడు కర్ర పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. రెండేళ్ల ప్రిపరేషన్ పోయింది. వాళ్ల నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా బాధ అంటాడు వాడు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది, అంటే నూటికి 44 మంది పైన, టూవీలర్ల మీద పోయినోళ్లే. హెల్మెట్ పెట్టుకోక చనిపోయినోళ్లు 50 వేలు. ఇవి ఎక్కడో జరిగినవి అనుకోవద్దు. మన మండలాల్లో ఏ ఊరు తీసుకున్నా ఒక పేరు గుర్తొస్తుంది.

ఇప్పుడు డబ్బు. రెండు బండ్లకీ ధరలో తేడా దాదాపు లక్ష రూపాయలు. ఆ లక్ష ఫైనాన్స్‌లో తీసుకుంటే, 12 శాతం వడ్డీకి 36 నెలలు అనుకుందాం, నెలకి 3,300 పైచిలుకు. మొత్తం వడ్డీ 19,500. ఇది తేడాకి మాత్రమే, బండి మొత్తం ఈఎంఐ కాదు. టాక్స్ విషయంలో రెండూ ఒకటే: 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, ఆపైన 40 శాతం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులోనూ 150 నుంచి 350 సీసీ వరకు ఒకటే స్లాబు, 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం కొత్త బండికి 5 ఏళ్లకి 7,365 రూపాయలు. తేడా వచ్చేది పెట్రోలు, టైర్లు, పార్టుల దగ్గర. పాడేరు నుంచి విశాఖ వెళ్లి రావాలంటే 200 కిలోమీటర్ల పైన. చిన్న బండికి 5 లీటర్లు పడితే పెద్దదానికి 7. స్పోర్ట్స్ బండి నిలబడి ఉన్నచోట పడినా పక్క ప్లాస్టిక్ పగులుతుంది. పెద్ద బండిది ఆ ముక్క మార్చాలన్నా కిందకి, విశాఖ దాకా, దిగాల్సిందే.

అసలు విషయం ఇప్పుడు చెప్పాలి. మొహమాటం లేకుండా చెప్తున్నాం. రెండు నెలల ఈఎంఐ ఆగితే ఫైనాన్స్ వాడు ఫోన్ చేస్తాడు. మూడో నెల ఇంటికొస్తాడు. సరిగ్గా అప్పుడే ఇంకొకడు వస్తాడు, "ఒక్క ట్రిప్పు రా తమ్ముడూ, బండి మీద ముందు పోతూ చెక్‌పోస్ట్ ఉందో లేదో ఫోన్ చెయ్యి చాలు" అని. స్పీడు బండి ఉన్న కుర్రోడే వాళ్లకి కావాలి. గంజాయి 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. పదేళ్లకి తక్కువ కాకుండా జైలు, లక్షకి తక్కువ కాకుండా జరిమానా. నేను మోయలేదు, ముందు మాత్రమే వెళ్లాను అంటే కేసు పోదు. సరుకు ఇచ్చినోడు దొరకడు, దొరికేది మన కుర్రోడు, పోయేది మన బండి. పెద్ద బండి కొన్న ప్రతోడూ అలా అవుతాడని మేం అనట్లేదు. జీతానికి మించిన ఈఎంఐ మెడకి కట్టుకోవద్దు అంటున్నాం, అంతే.

"ఆరు నెలల్లో చిన్న బండి బోరు కొడుతుంది, అప్పుడు అమ్మితే నష్టం కదా, ఒకేసారి పెద్దది కొంటే పోలే?" అని అడిగారు. నిజమే, నష్టం కొంత ఉంటుంది. కానీ ఆర్15 లాంటి బండికి సెకండ్ హ్యాండ్‌లో గిరాకీ ఎక్కువ, త్వరగా పోతుంది. అసలు మొదటిదే సెకండ్ హ్యాండ్ తీసుకుంటే పోయేది ఇంకా తక్కువ. అయితే ఆర్‌సీ మీ పేరుకి మారేదాకా మొత్తం డబ్బు ఇవ్వొద్దు. పాత కేసులున్న బండేమో కూడా కనుక్కోండి. "310లో రెయిన్ మోడ్ ఉంది, ఏబీఎస్ ఉంది కదా" అన్నారు ఇంకొందరు. ఏబీఎస్ చిన్నదాంట్లోనూ ఉంది. రెయిన్ మోడ్ పవర్ తగ్గిస్తుంది, బరువు తగ్గించదు.

ఒక్క విషయం రెండు బండ్లకీ చెప్పాలి. వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంటుంది. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా, సంతకి పసుపు బస్తా వెయ్యాలన్నా పనికిరాదు. ఇంటికంతటికీ అదొక్కటే బండి అయితే మామూలు బండే కొనండి. స్పోర్ట్స్ బండి సరదా తర్వాతైనా తీరుతుంది.

మా లెక్క ఇది: రెండేళ్లు చిన్న బండి. ఒక వానాకాలం, ఒక చలికాలం మన ఘాట్‌లో పడకుండా నడపండి. చేతిలో కొంత డబ్బు వేసుకోండి. అప్పుడు పెద్దది కొంటామంటే షోరూంకి మేమే తోడొస్తాం. ఐఎస్‌ఐ హెల్మెట్ రెండు కొనండి, వెనక కూర్చునేవాళ్లకి కూడా. 18 నిండని తమ్ముడికి తాళం ఇవ్వొద్దు. వాడు దొరికితే బండి యజమానికి, ఇంట్లోవాళ్లకి 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, వాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మా మాట తప్పనిపిస్తే కింద రాయండి, గొడవ పడదాం, పర్లేదు. పెద్ద బండి సేఫ్‌గా నడుపుతున్న అన్నలు ఉంటే మీ అనుభవం కూడా చెప్పండి. తమ్ముళ్లకి ఉపయోగపడుతుంది.