యూనిఫాం వేసుకుంటే టెర్రరిజం కాదా?

ప్రభుత్వం చేసేదేదీ టెర్రరిజం కిందికి రాదని మన ఐటీ మిత్రులు చాలామంది వాదిస్తుంటారు. నేనొప్పుకోను.

1922లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నులు కట్టేది లేదన్నారు. పార్వతనేని వీరయ్య చౌదరి వెనక ఉన్నది శాంతిసేన, తుపాకుల దండు కాదు. అయినా సర్కారు ఊళ్ళలోకి సైన్యాన్ని దింపింది. అదే ఏడాది పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. బకాయి వసూలుకి జప్తు చాలు కదా, సైన్యం దేనికండీ? మిగతా ఊళ్ళు చూసి జడుసుకోవాలని! 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యరైతే, పంజాబంతటా ప్రభావం పడాలనే కాల్పించానని హంటర్ కమిటీ ముందే చెప్పాడు.

ప్రతి సైనిక చర్యా టెర్రరిజమే అనడం లేదు. ఆయుధం పట్టినవాడితో పోరాడితే అది యుద్ధం. నిరాయుధుల్ని కొట్టి ఊరందర్నీ భయంతో లొంగదీస్తే అది టెర్రరిజం. ఇఫ్ కండిషన్‌లో చెక్ చెయ్యాల్సింది చేసిన పనిని, యూజర్ ఐడీని కాదు. మన యూఏపీఏ 15వ సెక్షన్ కూడా 'ఎవరైనా' అనే మొదలవుతుంది.

1947 తర్వాత తుపాకీ మనవాళ్ళ చేతికొచ్చింది. అంతమాత్రాన కొలబద్ద మారిపోతుందా? మీరే చెప్పండి.