ఎంకపల్లి భూమి ధరలో కలవని నీటి లెక్క

హైదరాబాద్ పడమటి అంచున కమర్షియల్ స్థలం కోసం వెతికేవారి చూపు చేవెళ్ల, మొయినాబాద్ మండలాల మీద పడి చాలా కాలమైంది. కోకాపేట, నార్సింగి ధరలు అందనివారు అప్పా జంక్షన్ దాటి, బీజాపూర్ రోడ్డెక్కి ఎంకపల్లి లాంటి ఊళ్ల దాకా వస్తున్నారు. అక్కడ బేరానికి వచ్చే మాటలు రోడ్డు ఫేసింగ్, ఔటర్‌కు ఎంత దూరం, గజం ఎంత. ఈమధ్య ‘గ్రీన్ బిల్డింగ్’ అనే మాట కూడా తోడైంది. స్థలం ఎక్కడ దొరికితే అక్కడ కొనేసి, పర్యావరణం సంగతి ఆర్కిటెక్ట్ చూసుకుంటాడులే అనుకోవడం చాలాచోట్ల చెల్లుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలకు ఎగువన మాత్రం చెల్లదు. ఇక్కడ భవనం పచ్చగా ఉంటుందా లేదా అన్నది చాలామటుకు సేల్ డీడ్ మీద సంతకం పెట్టేనాటికే తేలిపోతుంది.

ఎందుకో తెలియాలంటే 1908 సెప్టెంబరు మూసీ వరద దాకా వెళ్లాలి. వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికొచ్చాయి. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లు అందులో చాలానే ఉన్నాయి. కాలుష్యానికి కారణమయ్యే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దంది. కొత్త లేఅవుట్ల మొత్తం స్థలంలో 60 శాతం ఖాళీ జాగాకు, రోడ్లకు వదలాలని, అన్ని అంతస్తులూ కలిపి కట్టే విస్తీర్ణం స్థలంలో సగానికి మించకూడదని షరతు పెట్టింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, తాగునీటికి ముప్పు లేదని రుజువు చేసుకోవాల్సిన భారం ఫ్యాక్టరీ పెట్టేవాళ్లదేనని 1999లో న్యాయస్థానం స్పష్టం చేసింది. అదే సూత్రం ఈ ప్రాంతంలో షోరూమ్ కట్టేవారికీ వర్తించాలన్నది నా అభిప్రాయం.

ఒక ఎకరం లెక్క చూద్దాం. ఎకరమంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీరు. ఎర్రనేలలో టమాటా మళ్లు ఉంటే అందులో కొంత ఇంకుతుంది, కొంత కాలువ పట్టి చెరువుకు చేరుతుంది. అదే ఎకరంలో 60 శాతం మీద స్లాబు, పార్కింగ్ టైల్స్ పరిస్తే సుమారు 2.4 లక్షల లీటర్లు నిమిషాల్లో రోడ్డు మీదికొస్తాయి, వాహనాల నూనె, చెత్త వెంటబెట్టుకుని మరీ. పైకప్పున సోలార్ పలకలు, లోపల ఎల్‌ఈడీ దీపాలు ఎన్ని ఉన్నా ఈ లెక్క మారదు. గ్రీన్ బిల్డింగ్ రేటింగుల్లో వాననీటికి మార్కులు లేవని కాదు. కానీ ఇంకుడు గుంత ప్రహరీ లోపలి నీటినే చూసుకోగలదు. ఎదురుగా పూడ్చేసిన వాగును అది తిరిగి తవ్వదు.

ఈ నీళ్లు నగరం ఇప్పుడు తాగడం లేదు కదా, కృష్ణా, గోదావరి వస్తున్నాయి, ఇంకా ఈ ఆంక్షలెందుకని అడుగుతారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించినప్పుడు, 2023 మేలో పూర్తిగా ఎత్తివేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించినప్పుడు వినిపించిన వాదన ఇదే. నగరం తాగే నీటిలో జంట జలాశయాల వాటా తగ్గిన మాట నిజమే. కానీ వాటిని కట్టింది మొదట వరద ఆపడానికి. 2025 సెప్టెంబరు చివర్లో ఈ జలాశయాల గేట్లెత్తితే మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. ఎగువన నేల ఎంత గట్టిపడితే దిగువన వరద అంత తొందరగా వస్తుంది. పైగా జీవో 69 సైతం జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదనే షరతు పెట్టింది. సడలింపునే నమ్ముకుని కొన్నవారు ఈ షరతునూ చదువుకోవాలి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం రైతుది. పక్క మండలంలో ఎకరం కోట్లు పలుకుతుంటే నగరం కోసం మా భూమి ఎందుకు కట్టిపడేయాలని అతను అడుగుతున్నాడు. అందులో న్యాయముంది. మూడు దశాబ్దాలుగా ఈ ఊళ్లు మోసిన భారానికి నగరం ఒక్క రూపాయి చెల్లించలేదు. ఆ అసంతృప్తి మీదే ఫాంహౌసులు, ఫంక్షన్ హాళ్లు మొలిచాయి. ఆంక్షలు చిన్నరైతుకు గట్టిగా, డబ్బున్నవాడికి వదులుగా పనిచేశాయి. ఎలాగూ కడుతున్నారు కనుక పచ్చటి భవనాలకైనా అనుమతివ్వండి అనే వాదన పుట్టింది ఇక్కడే. దాన్ని నేను ఒప్పుకోలేను. అక్రమ కట్టడాన్ని ఆపలేని యంత్రాంగం, సక్రమ కట్టడంలో మురుగునీటి శుద్ధి యంత్రం రోజూ తిరుగుతోందో లేదో చూస్తుందని ఎలా నమ్మాలి? రైతుకు దక్కాల్సిన విలువకు వేరే దారి ఉంది. రోడ్ల విస్తరణకు, చెరువుల కోసం స్థలం వదిలినవారికి హైదరాబాద్‌లో టీడీఆర్ (బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కు) ఇస్తున్నారు. అలాంటి హక్కునే పరీవాహక రైతుకూ ఇచ్చి, దాన్ని కోకాపేటలో అంతస్తులు పెంచుకునే బిల్డర్‌కు అమ్ముకోనివ్వాలి.

అయినా కొనాలనుకునేవారికి ముందుగా చూడాల్సినవి ఉన్నాయి. పాత పహాణీలు, లింక్ డాక్యుమెంట్లు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఎలాగూ చూస్తారు. భూమి అసైన్డ్‌దైతే 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు. కాగితంతోపాటు దున్నుతున్నది ఎవరో కూడా చూడాలి; తమ ఊళ్లో గోశాల పెట్టాలన్న ప్రతిపాదనపై ఎంకపల్లి రైతులు 2025లో ఆందోళనకు దిగింది సాగులో ఉన్న భూమి గురించే. దగ్గర్లో చెరువుంటే, అది పది హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. ఎండాకాలంలో చూసిన స్థలాన్ని వానాకాలంలోనూ ఒకసారి చూడటం మేలు, వాగు దారి అప్పుడే కనబడుతుంది.

కట్టడం దగ్గరికొస్తే, 60 శాతం ఖాళీ అన్న పాత షరతునే డిజైన్‌గా తీసుకోవచ్చు. ఒకటి రెండు అంతస్తులు, చుట్టూ చెట్లు, మధ్యలో మండువా, పడమటి గోడకు అద్దం బదులు జాలీ, నేలకు తాండూరు నాపరాయి. ఖర్చు పెరుగుతుందనే భయం అద్దాల మేడకు అలవాటుపడ్డ లెక్కల్లోది. అద్దం వేసి, లోపలి వేడిని ఏసీలతో తోడిపోయడానికి అయ్యే కరెంటు బిల్లు ఆ లెక్కలో చేరదు. కొండాపూర్ దగ్గర సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ జాలీలు, పైకప్పు తోటలు, గాలి టవర్లతో 2003లోనే అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం భవనంగా గుర్తింపు పొందింది. ఆ విద్య మనకు కొత్త కాదు. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది కూడా.

మిగిలింది ప్రభుత్వం చేయాల్సిన పని. ఏ సర్వే నంబరు నీరు ఏ వాగుకు పోతుందో, ఎక్కడ ఎంత కట్టవచ్చో చూపే మ్యాపు గ్రామపంచాయతీ గోడ మీద ఉండాలి. అది లేకుండా జీవోలు ఎత్తేసినా, ఉంచినా లాభపడేది ముందే సమాచారం అందే కొద్దిమందే. ఆ మ్యాపు వచ్చేదాకా కొత్త కమర్షియల్ అనుమతులు ఆపాలి.