చర్మకణములో గడియారము

మనోవ్యాధి అనగానే రోగి శీలమును శంకించుట మన సమాజమునకు పరిపాటి. రాత్రి నిద్రపట్టక పగలు లేవలేనివానిని సోమరి యందుము. కొన్నాళ్లు ఉత్సాహముతో ఉఱ్ఱూతలూగి, కొన్నాళ్లు మంచము విడువనివానికి మనోనిబ్బరము లేదందుము. ఈ తీర్పులను పునరాలోచింపజేయు సాక్ష్యమొకటి మనుష్యుని చర్మమునుండి లభించుచున్నది.

దేహమున ఇంచుమించు 24 గంటల లయతో నడచు గడియారమొకటి యున్నది. కొన్ని జన్యువులు ప్రొటీన్లను పుట్టించును. అవి పెరిగిన పిదప తమ్ము పుట్టించిన జన్యువులనే అణచును. అవి క్షీణింపగా జన్యువులు మరల మేల్కొనును. ఈ యంత్రాంగమును పండ్ల ఈగలలో కనుగొన్నందులకే హాల్, రోస్‌బాష్, యంగ్ అనువారికి 2017లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ గడియారము దాదాపు ప్రతి కణమునందును కలదు. మెదడులోనిది ప్రధానము, కన్నులు తెచ్చు వెలుగునుబట్టి అది తక్కినవానిని సరిదిద్దుచుండును. కాని పరిశోధనకై బ్రతికియున్నవాని మెదడును కోసి చూడలేము గదా! చర్మమునుండి మాత్రము చిన్న తునుక తీసి, కణములను పాత్రలో పెంపవచ్చును. మిణుగురుపురుగునకు వెలుగునిచ్చు జన్యువును గడియారపు జన్యువుతో ముడివెట్టి వానిలో ప్రవేశపెట్టినచో, లయననుసరించి వెలుగు పెరుగుచు తఱుగుచు నుండును. మనుష్యునికిని మనుష్యునికిని ఈ కణలయ భిన్నమని బ్రౌన్, షిబ్లర్ ప్రభృతులు 2005లో చూపిరి.

2013లో మెక్‌కార్తీ, వెల్ష్ ప్రభృతులు బైపోలార్ వ్యాధిగ్రస్తులు 19 మంది, ఆరోగ్యవంతులు 19 మంది ఇచ్చిన కణముల వెలుగును 5 దినములు కొలిచిరి. రోగుల కణములలో లయ యొక చుట్టు తిరుగుటకు ఎక్కువకాలము పట్టెను. ఆ వ్యాధికి చిరకాలముగా వాడుచున్న లిథియము స్వల్ప పరిమాణములో ఆరోగ్యవంతుల కణలయకు బలము చేకూర్చెను; రోగుల కణములలో అట్లు జరుగలేదు.

పాత్రలోని కణమునకు సోమరితనము తెలియదు. పెద్దల మందలింపు వినబడదు. అయినను అది వేరొక లయలో నడచుచున్నది. అచ్చట శీలదోషమును వెదకగలవారెవరు?

అట్లని తొందరపడరాదు. పరీక్షింపబడినవారు 38 మందియే. పాత్రలోని కణమునకు మెదడు ఆజ్ఞ లేదు, సూర్యోదయము లేదు. గడియారము తప్పి వ్యాధి కలిగెనో, రెంటికిని మూలము వేరొకటియో ఈ ప్రయోగము తేల్చలేదు. కనుక చర్మపు తునుకను చూపి, రేపు నీకు పిచ్చి పట్టునని ఎవరైన ముద్రవేయబూనినచో, అది శాస్త్రము కాదు; నుదుటివ్రాతకు పెట్టిన కొత్తపేరు. నిందను తొలగింపవచ్చిన విద్య కొత్త నిందకు సాధనము కారాదు.

ఉపాధ్యాయులకు ఇందు పనియున్నది. ఉదయపు తరగతిలో కునుకు తీయు ప్రతి విద్యార్థియు రోగి కాడు. యౌవనారంభమున నిద్ర వచ్చు వేళ సహజముగానే ఆలస్యమగును. కాని నిద్రయు, ఉత్సాహమును వారముల తరబడి తలక్రిందులైనపుడు, బెత్తముకంటె ముందు ఆప్యాయమైన ప్రశ్నయు, నిందకంటె ముందు వైద్యుడును రావలెను.