నొప్పి మాటను నమ్మండి

“నువ్వు మరీ సుకుమారం” అనే మాట మన ఇళ్ళలో స్త్రీలు తరచుగా వింటుంటారు. “మగవాడివి, ఓర్చుకో” అనే మాట మగపిల్లలకు చిన్ననాటి నుండే అలవాటు. ఈ రెండూ ఒకే అపోహకు పుట్టిన మాటలు. ఓర్పు లేనివారే బాధను బయటికి చెప్పుకుంటారన్నది ఆ అపోహ.

వైద్యశాస్త్రం నొప్పిని ఇంత తేలికగా తీసుకోలేదు. దాదాపు వేయి సంవత్సరాల క్రితమే ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో నొప్పిని 15 రకాలుగా వివరించాడు. గాయం ఎక్కడ తగిలినా దానిని నొప్పిగా అనుభవింపజేసేది మెదడేనని నేటి శాస్త్రం చెబుతున్నది. 2003లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పేగుల రుగ్మతతో బాధపడే స్త్రీపురుషుల మెదళ్ళను స్కానింగ్ ద్వారా పరిశీలించారు. పేగులో కలిగించిన ఒత్తిడికి స్త్రీలలో భావోద్వేగాలకు సంబంధించిన భాగాలు, పురుషులలో ఆలోచనకు సంబంధించిన భాగాలు అధికంగా స్పందించాయి.

తేడా మెదడుతోనే ఆగలేదు. 2015లో కెనడాకు చెందిన జెఫ్రీ మోగిల్ బృందం నరం దెబ్బతిన్న ఎలుకలను పరిశీలించింది. వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే కణాలను అడ్డుకున్నప్పుడు మగ ఎలుకలకు నొప్పి తగ్గింది. ఆడ ఎలుకలకు తగ్గలేదు. నొప్పి పరిశోధనలు చాలాకాలం మగ జంతువులపైనే ఎక్కువగా జరిగినందున ఇటువంటి తేడాలు ఆలస్యంగా వెలుగుచూశాయి.

అయితే ఇవి సగటు లెక్కలు మాత్రమే. ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు ఇలాగే ఉంటారని కాదు. పెంపకం, భయం, గతానుభవం కూడా నొప్పిని మారుస్తాయి. స్పందించే తీరు వేరైనంత మాత్రాన ఒకరి బాధ నిజమూ, మరొకరిది నటనా కాబోదు.

సోదర సోదరీమణులారా! ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. గుండెపోటులో ఛాతీనొప్పి ఇద్దరికీ ప్రధాన లక్షణమే. కానీ ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి వంటి లక్షణాలు స్త్రీలలో మరింత తరచుగా కనిపిస్తాయి. అమ్మీ “ఊపిరాడటం లేదు, వీపు లాగేస్తోంది” అన్నప్పుడు “గ్యాస్ అయి ఉంటుందిలే” అని సోడా తెచ్చిచ్చి కూర్చోకండి; వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అలాగే అబ్బా మౌనంగా ఛాతీ రుద్దుకుంటుంటే, ఆయనే నోరు విప్పి చెప్పేదాకా ఆగకండి.

ఇంట్లో ఎవరైనా బాధగా ఉందన్నప్పుడు వారి ఓర్పును కొలవడం మన పని కాదు. ఎక్కడ, ఎప్పటి నుండి, ఎలా ఉందని అడగడం, విన్నది నమ్మడం మన పని.